కోడ్ సరిగ్గా ఉందని ఎలా నమ్మాలి? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

తర్కం, గణితం, ప్రోగ్రామింగ్ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయన్న దాని మీద వచ్చిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఎవరికి వచ్చిన భాషలో వారు రాసుకునేందుకు వీలుగా కోడ్‌ను మాటల్లోనే ఇచ్చాం.

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మొదటి ఏడాది చదువుతున్నాను. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఇండక్షన్, ప్రూఫులు చెబుతున్నారు. కోడ్ రాసేటప్పుడు వీటిని ఎవరూ వాడగా చూడలేదు. నాలుగైదు ఇన్‌పుట్‌లు ఇచ్చి రన్ చేసి చూసుకుంటే సరిపోదా? (విద్యార్థిని, గుంటూరు)

సరిపోదు. ఎందుకో మీకు బాగా తెలిసిన, వరస క్రమంలోని జాబితాను సగం సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌తోనే చూద్దాం. 10, 20, 30, 40, 50, 60 అనే జాబితా తీసుకోండి. గదుల నంబర్లు 0 నుంచి 5 దాకా. ఎడమ = 0, కుడి = 5తో మొదలుపెడతాం. మధ్య = (ఎడమ + కుడి) / 2, భిన్నం వస్తే వదిలేస్తాం. మధ్య గదిలోని అంకె మనం వెతికేదానికన్నా పెద్దదైతే కుడి = మధ్య − 1. చిన్నదైతే ఎడమ = మధ్య + 1 అని రాయాలి. చాలామంది ఇక్కడ ఆ +1 మరిచిపోయి ఎడమ = మధ్య అని రాసేస్తారు.

ఈ తప్పు కోడ్‌ను రన్ చేసి చూడండి. 30 ఇస్తే మొదటి దెబ్బకే దొరుకుతుంది. 10, 40, 50 కూడా దొరుకుతాయి. నాలుగు ఇన్‌పుట్‌లకూ సరైన జవాబే వచ్చింది కదా అని అసైన్‌మెంట్ సబ్మిట్ చేసేస్తారు. కానీ 60 ఇస్తే మధ్య గది 2, 3, 4 అని జరుగుతూ వెళ్లి, ఎడమ = 4, కుడి = 5 దగ్గర ఇరుక్కుంటుంది. మధ్య మళ్లీ 4, ఎడమ మళ్లీ 4. ఇక ఆ లూప్ ఆగదు. 20 ఇచ్చినా అంతే. ఆరు అంకెల్లో రెండింటి దగ్గర ప్రోగ్రాం హ్యాంగ్ అవుతోంది, మీరు వేసిన టెస్టులు మాత్రం అన్నీ పాసయ్యాయి.

ఇప్పుడు క్లాసులో చెప్పిన ఇండక్షన్‌ను ఈ లూప్ మీద పెట్టండి. లూప్ ఎన్నిసార్లు తిరిగినా నిజంగా నిలిచే వాక్యం ఒకటి కావాలి. దాన్ని లూప్ ఇన్వేరియంట్ అంటారు. ఇక్కడ ఆ వాక్యం: "వెతుకుతున్న అంకె జాబితాలో ఉంటే, అది ఎడమ నుంచి కుడి దాకా ఉన్న గదుల్లోనే ఉంది." మొదట్లో ఇది నిజం, ఎందుకంటే ఆ గదులే మొత్తం జాబితా. ఒక చుట్టు ముందు నిజమైతే, చుట్టు తర్వాతా నిజం: జాబితా వరస క్రమంలో ఉంది కాబట్టి, మధ్య గదిలోది చిన్నదైతే దానికి ఎడమ పక్కనున్నవీ చిన్నవే, వాటిని వదిలేసినా నష్టం లేదు. చివర్లో ఎడమ, కుడిని దాటిపోతే మిగిలిన గదులు లేవు, కాబట్టి అంకె జాబితాలో లేదు. ఇండక్షన్‌లో మీరు రాసే బేస్ కేసు, ఇండక్టివ్ స్టెప్ ఇవే.

అయితే తప్పు కోడ్‌లో కూడా ఈ వాక్యం చెడలేదు, గమనించారా? చెడింది రెండోది: లూప్ ఆగుతుందన్న రుజువు. దానికి ప్రతి చుట్టులోనూ కచ్చితంగా తగ్గే పూర్ణాంకం ఒకటి చూపాలి. ఇక్కడ అది మిగిలిన గదుల సంఖ్య, అంటే కుడి − ఎడమ + 1. ఎడమ = మధ్య + 1 అని రాస్తే కనీసం ఒకటి తగ్గుతుంది. ఎడమ = మధ్య అని రాస్తే, రెండే గదులు మిగిలినప్పుడు తగ్గకపోవచ్చు. "జవాబు వస్తే సరైనదే వస్తుంది", "జవాబు తప్పక వస్తుంది" అన్నవి రెండు వేర్వేరు రుజువులు. ప్రోగ్రాం గురించి ఇలా వాదించే పద్ధతిని 1967లో రాబర్ట్ ఫ్లాయిడ్, 1969లో టోనీ హోర్ నియమాలుగా పెట్టారు.

ఇంత చేసినా ఒక చోట దెబ్బ తగలవచ్చు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో సుమారు తొమ్మిదేళ్ల పాటు ఒక బగ్ ఉండిపోయిందని దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో బయటపెట్టారు. లోపం ఎడమ + కుడి అన్న కూడికలో ఉంది. 32 బిట్ల ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. ఎడమ 150 కోట్లు, కుడి 160 కోట్లు అయితే కూడిక 310 కోట్లు కావాలి, కానీ యంత్రం −119,49,67,296 అంటుంది. దాన్ని సగం చేస్తే గది నంబరు కూడా రుణాత్మకం, ప్రోగ్రాం కూలిపోతుంది. జాబితాలో 2 ఘాతం 30, అంటే సుమారు 107 కోట్ల గదులు ఉంటే తప్ప ఇది బయటపడదు. మధ్య = ఎడమ + (కుడి − ఎడమ) / 2 అని రాస్తే పోతుంది. ఆ అల్గారిథమ్‌కు అంతకుముందే రుజువు ఉంది, రుజువులో తప్పు లేదు. అది గణితంలోని పూర్ణాంకాల గురించి చెప్పింది, యంత్రంలో ఉన్నవి హద్దున్న పూర్ణాంకాలు. గణితం కోడ్‌లోకి దిగేటప్పుడు దొర్లే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే. కింది జవాబుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

ప్రశ్న: ఫీజు కట్టని విద్యార్థుల జాబితా కోసం ఎస్‌క్యూఎల్‌లో "రోల్ నంబర్ నాట్ ఇన్ (చెల్లింపుల పట్టికలోని రోల్ నంబర్లు)" అని రాశాను. కనీసం నలభై మంది కట్టలేదని తెలుసు. అయినా ఒక్క వరస కూడా రావడం లేదు. ఎర్రర్ కూడా చూపడం లేదు. (కాలేజీ ఆఫీసు ఉద్యోగి, కరీంనగర్)

చెల్లింపుల పట్టికలో ఎక్కడో ఒక వరసలో రోల్ నంబర్ గడి ఖాళీగా, అంటే నల్‌గా ఉండి ఉంటుంది. ముందు "రోల్ నంబర్ ఈజ్ నల్" అని వెతికి చూడండి. అలాంటిది ఒక్కటుంటే చాలు, మొత్తం జవాబు మాయమవుతుంది.

కారణం ఇది. చెల్లించినవారి నంబర్లు 101, 102, నల్ అనుకోండి. "105 వీటిలో లేదు" అంటే డేటాబేస్ దాన్ని ఇలా విడదీస్తుంది: 105 ≠ 101, మరియు 105 ≠ 102, మరియు 105 ≠ నల్. మొదటి రెండూ నిజం. మూడోదానికి జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, "తెలియదు". నిజం మరియు తెలియదు కలిస్తే తెలియదు. వేర్ అనే షరతు "నిజం" వచ్చిన వరసల్నే తీసుకుంటుంది, తెలియనివాటిని వదిలేస్తుంది. అందుకే మీకు ఏ వరసా రాలేదు. లోపలి క్వెరీలో "రోల్ నంబర్ ఈజ్ నాట్ నల్" అని చేర్చండి, లేదా నాట్ ఇన్ మానేసి నాట్ ఎగ్జిస్ట్స్ వాడండి. అన్నిటికన్నా మేలైనది, పట్టిక తయారు చేసేటప్పుడే ఆ కాలమ్‌కు నాట్ నల్ పెట్టడం.

బడిలో నేర్చుకున్న తర్కంలో "ఒక మాట నిజం, లేదా దాని వ్యతిరేకం నిజం" అన్నది ఎప్పుడూ తప్పదు. ఎస్‌క్యూఎల్‌లో తప్పుతుంది. మార్కులు 35 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినవారిని ఒకసారి, 35కు తక్కువ వచ్చినవారిని ఒకసారి లెక్కపెట్టి కూడండి. పరీక్ష రాయనివారి గడి నల్ అయితే మొత్తం విద్యార్థుల సంఖ్య రాదు. ఇది మూడు విలువల తర్కం. పోలండ్ తర్కవేత్త యాన్ వుకషేవిచ్ 1920లోనే ఇలాంటిది ప్రతిపాదించారు. ఏ భాషలో రాస్తున్నామో దాని తర్కంలో ఎన్ని విలువలున్నాయో తెలుసుకోకపోతే రిపోర్టులు నిశ్శబ్దంగా తప్పు చెబుతాయి. ఎర్రర్ వస్తే వెంటనే దిద్దుకుంటాం. ఇలా ఖాళీగా వచ్చే జవాబును మాత్రం "బకాయిలు లేవు" అని పైకి పంపేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నాది బీకాం. ఇంటర్‌లో ఎంపీసీ కాదు. ఇంటిగ్రేషన్ లాంటివి రావు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చా? (డిగ్రీ విద్యార్థి, ఒంగోలు)

నేర్చుకోవచ్చు. మామూలు వెబ్, బిల్లింగ్, డేటాబేస్ పనులకు ఇంటిగ్రేషన్ అవసరం రాదు. గ్రాఫిక్స్, మెషీన్ లెర్నింగ్ వైపు వెళితే అప్పుడు కలనగణితం, మాత్రికలు పట్టుకోవాలి. ముందుగా కావలసినవి వేరే ఉన్నాయి.

ఒకటి, లెక్క ఎంత పెరుగుతుందో అంచనా కట్టడం. పది లక్షల పేర్లున్న జాబితాలో ఒకే పేరు రెండుసార్లు వచ్చిందా అని ప్రతి జతనూ పోలిస్తే జతలు సుమారు 50 వేల కోట్లు. సెకనుకు పది కోట్ల పోలికలు చేసినా గంటా ఇరవై నిమిషాలు దాటుతుంది. అదే జాబితా వరస క్రమంలో ఉంటే ఒక పేరు వెతకడానికి 20 పోలికలు చాలు, ఎందుకంటే 2 ఘాతం 20 పది లక్షలకు కాస్త ఎక్కువ. ఈ రెండు లెక్కలూ కాగితం మీద చేయగలిగితే లాగరిథమ్ మీకు వచ్చినట్టే.

రెండు, శేషం. −7ని 3తో భాగిస్తే శేషం పైథాన్‌లో 2, జావాలో −1. వారంలో నిన్నటి రోజు, గుండ్రంగా తిరిగే జాబితాలో వెనకటి గది లాంటివి రాసేటప్పుడు జావా, సీ భాషల్లో దీనివల్లే తప్పు గది నంబరు వస్తుంది. ముందు గదుల మొత్తం సంఖ్యను (వారమైతే 7) కలిపి, ఆ తర్వాత శేషం తీయండి.

మూడు, "అందరూ", "ఎవరో ఒకరు" అన్న మాటలను తిరగేయడం. "అందరూ కట్టారు" అన్నదానికి వ్యతిరేకం "ఎవరూ కట్టలేదు" కాదు, "కట్టనివారు ఒక్కరైనా ఉన్నారు". వయసు 18కి తక్కువ కాదు, 60కి ఎక్కువ కాదు అన్న షరతును తిరగేస్తే "మరియు" కాస్తా "లేదా" అవుతుంది: 18కి తక్కువ లేదా 60కి ఎక్కువ. దీన్ని డిమోర్గాన్ సూత్రం అంటారు. ఆ పేరు గల ఆగస్టస్ డిమోర్గాన్ పుట్టింది 1806లో, మన పక్కనున్న మధురైలో. ఇంకో చిక్కు: విద్యార్థులే లేని సెక్షన్‌లో "అందరూ కట్టారా?" అని చాలా భాషల్లో అడిగితే "అవును" అనే వస్తుంది. కట్టనివారిని ఒక్కరినీ చూపలేం కాబట్టి అది సరైన జవాబే. కానీ మీ స్క్రీన్ మీద "వసూళ్లు పూర్తి" అని పడుతుంది. ఖాళీ జాబితాను విడిగా పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా షాపుకు చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం రాసుకున్నాం. అప్పుడప్పుడు పైసా తేడా వస్తోంది. 0.1 + 0.2 వేసి చూస్తే 0.30000000000000004 అంది. కంప్యూటర్‌కు కూడికే రాదా? (దుకాణదారు, హనుమకొండ)

కూడిక వచ్చు, 0.1 రాదు. ఫ్లోట్ సంఖ్యలు, అంటే యంత్రం దశాంశ భాగంతో దాచే సంఖ్యలు, ద్విసంఖ్యామానంలో (బైనరీలో) ఉంటాయి. అందులో 1/2, 1/4, 1/8 లాంటివి, వాటిని కూడితే వచ్చేవి మాత్రమే పూర్తిగా పడతాయి. మనం 1/3ని 0.333... అని ఎంతసేపు రాసినా తెగనట్టు, బైనరీలో 1/10 కూడా 0.000110011... అని తెగకుండా సాగుతుంది. యంత్రం 53 బిట్ల దగ్గర ఆపేస్తుంది. కాబట్టి ఒక పైసా నుంచి 99 పైసల దాకా రూపాయల్లో రాస్తే ఫ్లోట్‌లో కచ్చితంగా నిలిచేవి మూడే: 0.25, 0.50, 0.75.

మొత్తాన్ని పైసల్లో పూర్ణాంకంగా దాచండి. రూ. 19.99 అంటే 1999. మార్చేటప్పుడు జాగ్రత్త: 19.99ని ఫ్లోట్‌గా 100తో గుణిస్తే 1998.9999999999998 వస్తుంది, భిన్నం కోసేస్తే 1998. ఒక పైసా అక్కడే పోయింది. కస్టమర్ టైపు చేసిన అక్షరాల నుంచే రూపాయలు, పైసలు విడదీయండి, లేదా మీ భాషలో డెసిమల్ రకం ఉంటే అది వాడండి. ఫ్లోట్‌లను "సమానమా?" అని పోల్చే షరతులు ఎక్కడైనా రాసి ఉంటే అవి కూడా తీసేయండి.

అన్నీ పైసల్లోకి మార్చాక కూడా ఒక తేడా మిగులుతుంది, అది కంప్యూటర్‌ది కాదు. రూ. 10.03 ధర ఉన్న మూడు వస్తువుల మీద 18 శాతం జీఎస్‌టీ వేయండి. ఒక్కోదాని మీద 1.8054, రౌండ్ చేస్తే 1.81, మూడింటికి 5.43. మొత్తం 30.09 మీద ఒకేసారి వేస్తే 5.4162, అంటే 5.42. విడివిడిగా రౌండ్ చేసి కూడినది, కూడి రౌండ్ చేసినదానికి సమానం కావాలన్న నియమం గణితంలోనే లేదు. వస్తువు వారీగానా, బిల్లు మొత్తం మీదనా అన్నది మీ ఆడిటర్‌తో ముందే ఖాయం చేసుకుని, బిల్లులోనూ రిటర్న్‌లోనూ ఒకే పద్ధతి పాటించండి. భాష ఇచ్చే రౌండ్ ఫంక్షన్‌నూ ఒకసారి పరీక్షించండి: పైథాన్‌లో 2.5ను రౌండ్ చేస్తే 2 వస్తుంది, సరిగ్గా సగం దగ్గర అది సరి సంఖ్య వైపు మొగ్గుతుంది.

ఫ్లోట్ కూడికలో బ్రాకెట్లు జరిపినా జవాబు మారుతుంది. (0.1 + 0.2) + 0.3 వేస్తే 0.6000000000000001, 0.1 + (0.2 + 0.3) వేస్తే 0.6. ఈ కోవకు చెందిన లోపం 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో 28 మంది సైనికుల ప్రాణాలు తీసింది. సౌదీ అరేబియా నగరం ధహ్రాన్‌లోని పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కించేది. ఆ పదో వంతును 24 బిట్లకు కత్తిరించడం వల్ల, వంద గంటలు ఆపకుండా నడిచాక గడియారం 0.34 సెకన్లు తప్పింది. వస్తున్న స్కడ్ క్షిపణిని చూడవలసిన చోట చూడలేదు.

ప్రశ్న: తర్కసంగ్రహం చదువుకున్నవాణ్ని. కంప్యూటర్లలో వాడే లాజిక్, మన తర్కశాస్త్రం ఒకటేనా? అక్కడి నుంచే వచ్చిందని కొందరు అంటారు. (విశ్రాంత తెలుగు పండితులు, రాజమహేంద్రవరం)

అక్కడి నుంచి రాలేదండి. కంప్యూటర్ లాజిక్ వంశక్రమం స్పష్టంగా నమోదై ఉంది: జార్జ్ బూల్ 1847లో, 1854లో వెలువరించిన బీజగణితం, 1879లో ఫ్రేగే "అన్నిటికీ", "కొన్నిటికి" అన్నవాటికి ఇచ్చిన సంకేతాలు, బూల్ బీజగణితం రిలే స్విచ్చుల సర్క్యూట్లకు సరిపోతుందని 1937లో క్లాడ్ షానన్ ఎంఐటీలో రాసిన మాస్టర్స్ థీసిస్. లక్ష్యాలు కూడా వేరు. మన తర్కశాస్త్రానికి (న్యాయ దర్శనానికి) కావలసింది ప్రమ, నిజమైన జ్ఞానం. అందుకే పంచావయవ (ఐదు భాగాల) వాక్యంలో ఉదాహరణ తప్పనిసరి. బూల్ తర్కానికి వాక్యం దేని గురించో పట్టదు, ఆకారం సరిగ్గా ఉంటే చాలు.

అయినా, మీ చదువు ప్రోగ్రామర్లకు సూటిగా పనికొచ్చే చోటు ఒకటుంది. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందన్నది వ్యాప్తి (తప్పని సంబంధం). దాన్ని తిరగేసి "కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కాబట్టి" అంటే అది హేత్వాభాస (చెల్లని హేతువు). కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే పచ్చి కట్టె తగలాలి. తర్కసంగ్రహం రాసిన, తెలుగువారైన అన్నంభట్టు ఈ పచ్చి కట్టెనే ఉపాధిగా, అంటే ఆ సంబంధం నిలవడానికి కావలసిన అదనపు షరతుగా చూపారు.

కోడ్‌లో ఇదే తప్పు రోజూ జరుగుతుంది. "లాగిన్ సరిగ్గా జరిగితే టోకెన్ (లాగిన్ అయ్యాక ఇచ్చే గుర్తింపు కోడ్) ఉంటుంది" అన్న వాక్యాన్ని తిరగేసి, "టోకెన్ ఉంది, కాబట్టి లాగిన్ సరిగ్గానే జరిగింది" అని షరతు రాస్తారు. గడువు తీరిన టోకెన్ ఉండవచ్చు, వేరొకరిది కావచ్చు. ఇక్కడ ఉపాధి "టోకెన్ చెల్లుబాటులో ఉండి, ఈ వ్యక్తిదే అయి ఉండటం". కోడ్ రివ్యూలో ప్రతి "అయితే" దగ్గరా ఉపాధి ఏమిటని అడగడం, తిరగేస్తే నిలుస్తుందా అని చూడటం నేర్పితే ఈ తరహా బగ్‌లు చాలా తగ్గుతాయి. ఈ పాఠం చెప్పడానికి ఇనుప గుండు కన్నా మంచి ఉదాహరణ ఏ ఇంగ్లిషు పాఠ్యపుస్తకంలోనూ మాకు కనిపించలేదు.

ప్రశ్న: ఏ ప్రోగ్రాంనైనా చూసి, అందులో తప్పుందో లేదో చెప్పేసే ఒక ప్రోగ్రాం రాయలేమా? (ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, కర్నూలు)

"ఈ ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగుతుందా?" అన్న చిన్న ప్రశ్నకే అలాంటిది రాయలేమని 1936లో అలన్ ట్యూరింగ్ చూపిన ఫలితం చెబుతుంది. రుజువు మీరే రాసుకోవచ్చు. ఒక ప్రోగ్రాం, దానికిచ్చే ఇన్‌పుట్ తీసుకుని ఎప్పుడూ సరైన జవాబు చెప్పే "ఆగుతుందా" అన్న ఫంక్షన్ ఉందనుకుందాం. దాన్ని వాడి "తిరకాసు" అనే ప్రోగ్రాం రాద్దాం. దానికి ఏదైనా ప్రోగ్రాం ఇస్తే, "ఆ ప్రోగ్రాంకు దాన్నే ఇన్‌పుట్‌గా ఇస్తే ఆగుతుందా?" అని అడుగుతుంది. అవునని వస్తే తాను ఎప్పటికీ తిరిగే లూప్‌లో పడుతుంది, కాదని వస్తే వెంటనే ఆగుతుంది. ఇప్పుడు తిరకాసుకు తిరకాసునే ఇవ్వండి. ఆగుతుందంటే ఆగదు, ఆగదంటే ఆగుతుంది. కాబట్టి అలాంటి ఫంక్షన్ ఉండదు.

మూడు లైన్ల కోడ్ దగ్గర కూడా ఇది ఎంత కష్టమో చూడండి. సంఖ్య సరి అయితే సగం చేయి, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు, 1 వస్తే ఆగు. 27తో మొదలుపెడితే 9,232 దాకా ఎక్కి, 111 అడుగుల్లో 1కి దిగుతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఆగుతుందా అన్నది కొలాట్జ్ సమస్య, నేటికీ రుజువు లేదు.

అన్ని ప్రోగ్రాంలకూ వీలుకాదంటే, ఒక ఫలానా ప్రోగ్రాంకు వీలుకాదని కాదు. మన కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే కంపైలర్ టైపులను (విలువ సంఖ్యా, అక్షరాలా అన్న రకాలను) సరిచూడటమే చిన్న రుజువు. ఒక టైపును వాక్యంగా, ఆ టైపుకు సరిపోయే ప్రోగ్రాంను దాని రుజువుగా చదవవచ్చని హాస్కెల్ కరీ, విలియం హోవర్డ్ గుర్తించారు. రుజువులను సరిచూసే కాక్ (ఇప్పటి పేరు రాక్), లీన్ లాంటి సాధనాలు దీని మీదే కట్టారు. పటంలో పక్కపక్క ప్రాంతాలకు వేర్వేరు రంగులు వేయడానికి నాలుగు రంగులు చాలన్న నాలుగు రంగుల సిద్ధాంతాన్ని 1976లో కంప్యూటర్ సాయంతో నిరూపిస్తే, ఆ కోడ్‌ను ఎవరు నమ్మాలన్న వాదన నడిచింది. 2005 నాటికి జార్జ్ గాంతియే మొత్తం రుజువును కాక్‌లో యంత్రం సరిచూసేలా రాశారు. ఆపరేటింగ్ సిస్టమ్‌ల వైపు చూస్తే, 2009లో ఎస్ఈఎల్4 అనే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం)‌కు ఇసబెల్ అనే సాధనంతో రుజువు పూర్తయింది: సీ కోడ్ సుమారు 8,700 లైన్లు, రుజువు సుమారు రెండు లక్షల లైన్లు. ఆ రుజువులో కంపైలర్, ప్రాసెసర్ సరిగ్గా పనిచేస్తాయన్నది ఊహ. కంపైలర్‌ను నమ్మనక్కర లేకుండా బైనరీ దాకా రుజువును తర్వాత పొడిగించారు, ప్రాసెసర్ మీది ఊహ మాత్రం అలాగే ఉంది.